సెయింట్ హెలెన్స్ కింద భూకంపాలు: గ్రాఫు చూడటం ఎలా?

నేనుండేది అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతానికి దగ్గర్లో. 2024 జూన్‌లో విజయవాడ నుంచి అమ్మ ఫోన్. "మీ పక్కనున్న అగ్నిపర్వతం కింద వందల భూకంపాలట కదే!" అని ఒకటే టెన్షన్. ఫిబ్రవరి నుంచి దాదాపు 350 నమోదైన మాట నిజమే. కానీ వాటిలో నూటికి తొంభై అయిదు మాగ్నిట్యూడ్ (భూకంపం ఎంత పెద్దదో చెప్పే కొలత) 1 కూడా లేనివి. ఆ రోజు వీడియో కాల్‌లో అమ్మకు చూపించిందే ఇక్కడ చెబుతున్నాను.

ఇక్కడి భూకంపాలను నమోదు చేసే పసిఫిక్ నార్త్‌వెస్ట్ సీస్మిక్ నెట్‌వర్క్ సైట్‌లో, కొండ చుట్టూ నేల కదలికను కొలిచే స్టేషన్ల గ్రాఫులు ఎవరైనా చూడొచ్చు. ముందు టైమ్ చూసుకోండి. యూటీసీ (ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం) అని ఉంటే అయిదున్నర గంటలు కలిపితే ఇండియా టైమ్.

ఇప్పుడు ఒక్క గీతను దగ్గరగా చూడండి. రాయి పగిలితే వచ్చే భూకంపం ఠక్కున మొదలవుతుంది. ముందు చిన్న పోటు, వెంటనే పెద్ద పోటు, తర్వాత మెల్లగా సద్దుమణుగుతుంది. ఆ రెండు పోట్ల మధ్య ఎడం ఎంత తక్కువైతే భూకంపం ఆ స్టేషన్‌కు అంత దగ్గర. లోపల వాయువులు, ద్రవాలు కదిలితే వచ్చేవి అలా ఉండవు. ఎక్కడ మొదలైందో తెలియదు, అలలు వెడల్పుగా ఉంటాయి. ఆ ఊపు ఆగకుండా నిమిషాలు, గంటలు సాగితే ట్రెమర్ అంటారు.

ఒక చలికాలం రాత్రి గీతలన్నీ మందంగా నల్లబడితే ట్రెమరే అనుకుని నిద్ర మానేశాను. తీరా చూస్తే కొండ మీద ఈదురుగాలి. అందుకే కనీసం మూడు స్టేషన్లు పక్కపక్కన పెట్టి చూడండి. గాలి పైనున్న స్టేషన్లలో ఎక్కువ, కింద తక్కువ. రాళ్లు జారితే గీత మెల్లగా ఉబ్బి మెల్లగా సన్నబడుతుంది. దూరదేశపు పెద్ద భూకంపమైతే అన్నిటిలోనూ ఒకేలా, చాలాసేపు కనిపిస్తుంది.

సంఖ్య కన్నా నేను ముఖ్యంగా చూసేది లోతు, లయ. 2004 సెప్టెంబర్ 23న మొదలైన గుంపు భూకంపాలు ఉపరితలానికి కిలోమీటరు లోపే. రోజురోజుకీ బలపడి, అక్టోబర్ 1న ఆవిరి, బూడిద ఎగజిమ్మాయి. తర్వాత గట్టిపడిన లావా పైకి నెట్టుకొస్తుంటే డప్పు కొట్టినట్టు సమానమైన ఎడంతో ఒకే రకం భూకంపాలు వచ్చాయి. 2024లో వచ్చినవి ఎక్కువగా ఏడెనిమిది కిలోమీటర్ల లోతున. లయ లేదు, పైకి ఎక్కడమూ లేదు.

చివరగా, ఇక్కడి అగ్నిపర్వతాలపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ కాస్కేడ్స్ వల్కనో అబ్జర్వేటరీ పెట్టిన హెచ్చరిక రంగు చూడండి. మన అంచనా ఏదైనా, నడుచుకోవాల్సింది దాని ప్రకారమే. ఆ జూన్‌లో అది ఆకుపచ్చే, అంటే మామూలు స్థితే. అమ్మకు ఆ పేజీ లింకు కూడా పంపాను.