విదేశాల్లో విపత్తు సేవకు డాక్టర్‌గా వెళ్లాలంటే: కాగితాలు, అనుమతులు, వాటి వరుస

ఎక్కడో భూకంపం వచ్చిందని టీవీలో చూడగానే "మేమూ పోతాం, ఎక్కడ అప్లై చేయాలి?" అని అడిగే డాక్టర్లు నల్లగొండలో, పాలమూరులో, సూర్యాపేటలో తక్కువేం లేరు. కానీ నేరుగా అప్లై చేసుకోవడానికి ఒక ఫారం, ఒక ఆఫీసు అంటూ లేవు. మెడికల్ కౌన్సిల్, కొలువు ఇచ్చిన శాఖ, పాస్‌పోర్ట్, తీసుకెళ్లే సంస్థ అని నాలుగు చోట్ల వేర్వేరుగా పని ఉంటుంది. కౌన్సిల్, పాస్‌పోర్ట్ పనులు విపత్తు రాకముందే పూర్తయి ఉంటే మిగతావి త్వరగా తేలిపోతాయి. లేకపోతే ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టే.

ఒంటరి డాక్టర్‌కు పిలుపు రాదు

2010 జనవరి 12 నాటి హైతీ భూకంపం తర్వాత లెక్కలేనన్ని వైద్య బృందాలు అక్కడ దిగాయి. కొందరికి సర్జరీ అనుభవం లేదు, కొందరి దగ్గర తాగునీళ్లు కూడా లేవు. కాళ్లు చేతులు తీసేసిన ఆపరేషన్ల రికార్డులు సరిగా రాయలేదు. ఆ అనుభవంతోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో వైద్య బృందాలకు కనీస ప్రమాణాలు తెచ్చింది, 2021లో వాటిని సవరించింది. వీటి ప్రకారం గుర్తింపు బృందానికే, వ్యక్తికి కాదు. టైప్ 1 సంచార బృందం రోజుకు కనీసం 50 మంది ఔట్‌పేషెంట్లను చూడగలగాలి, ఒకేచోట ఉండే టైప్ 1 బృందమైతే 100 మందిని. టైప్ 2 అంటే 100 మంది ఔట్‌పేషెంట్లతో పాటు 20 మంచాలు, రోజుకు 7 పెద్ద లేదా 15 చిన్న ఆపరేషన్లు. బృందం తన తిండి, నీళ్లు, గుడారం తానే తెచ్చుకోవాలి. ఒంటరిగా విమానం ఎక్కి వెళ్లే డాక్టర్ అక్కడివాళ్లకు తిండి పెట్టాల్సిన ఇంకో మనిషి అవుతాడు, అంతే.

ఆతిథ్య దేశం గేటు మూసేసే సందర్భాలూ ఉన్నాయి. 2018లో ఇండోనేషియాలో పాలూ భూకంపం, సునామీ వచ్చినప్పుడు విదేశీ స్వచ్ఛంద సంస్థలు స్థానిక సంస్థతో కలిసే పనిచేయాలని అక్కడి ప్రభుత్వం ఆంక్ష పెట్టింది.

మన ప్రభుత్వం తరఫున వెళ్లే బృందాల్లో చేరవచ్చా అని చాలామంది అడుగుతారు. 2023 ఫిబ్రవరిలో తుర్కియేకు వెళ్లింది సైన్యానికి చెందిన 60 పారా ఫీల్డ్ హాస్పిటల్. 2025 మార్చి 28 నాటి భూకంపం తర్వాత మయన్మార్‌లోని మాండలేలో ఆసుపత్రి పెట్టిందీ సైన్యమే. బయటి డాక్టర్లు వాటికి దరఖాస్తు పెట్టుకునే వీలు లేదు.

కాబట్టి మిగిలే దారులు ఇవి. ఐక్యరాజ్యసమితి వలంటీర్ల విభాగం పోర్టల్‌లో ఉచితంగా ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. అంతర్జాతీయ స్పెషలిస్టు కొలువులకు 27 ఏళ్లు నిండాలి, పనిచేసే కాలం సాధారణంగా నెలల్లో ఉంటుంది. డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్‌కు ఢిల్లీలో ఆఫీసు ఉంది. సర్జన్లకు, మత్తు డాక్టర్లకు అక్కడ కొన్ని వారాల విడతలు దొరుకుతాయి, మిగతా డాక్టర్లు నెలల తరబడి ఉండగలగాలి. డాక్టర్స్ ఫర్ యూ లాంటి భారతీయ సంస్థలు 2015 నేపాల్ భూకంపంలో పనిచేశాయి. ముందు ఇక్కడి వరదల్లో, తుఫానుల్లో వాటితో కలిసి పనిచేసినవాళ్లకే అవి విదేశీ విడతలో చోటు ఇస్తాయి, ఇది సబబే కూడా. ఏ నిజమైన సంస్థా రిజిస్ట్రేషన్ ఫీజు అడగదు. అడిగితే అక్కడే ఆగిపోండి.

కౌన్సిల్ కాగితాలు

ఎక్కువ దరఖాస్తులు పేరు దగ్గర ఆగుతాయి. ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరం, ఎంబీబీఎస్ పట్టాలో రెండు పొడి అక్షరాలు, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు మొత్తం, అదీ వేరే స్పెల్లింగ్‌తో. మనకు ఇదేమీ వింత కాదు గానీ బయటి దేశం ఆఫీసర్ కంటికి అవి ముగ్గురు వేర్వేరు మనుషులు. పాస్‌పోర్ట్‌లో ఉన్న పేరునే ప్రమాణంగా పెట్టుకుని కౌన్సిల్ రికార్డును దానికి సరిచేయించండి. అది వీలుకాకపోతే ఈ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి తయారుగా ఉంచుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకున్న డాక్టరమ్మలు మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా జతచేయాలి.

రెండోది పీజీ నమోదు. ఎంఎస్ ఆర్థో పాసై పదేళ్లయినా అదనపు అర్హతను కౌన్సిల్‌లో ఎక్కించుకోనివాళ్లు ఉన్నారు. అలాంటప్పుడు రికార్డులో మీరు ఎంబీబీఎస్ మాత్రమే. సర్జన్ కావాలని అడిగిన బృందం మిమ్మల్ని సర్జన్‌గా తీసుకోలేదు. మూడోది రెన్యువల్. రిజిస్ట్రేషన్‌ను 5 ఏళ్లకోసారి సీఎంఈ (డాక్టర్లకు నిరంతర వైద్య శిక్షణ) క్రెడిట్లు చూపి పొడిగించుకోవాలి, గడువు దాటి ఉంటే ముందు అదే చేయించండి. 2014కు ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్‌లో నమోదైనవాళ్లు ఇప్పుడు తమ రిజిస్ట్రేషన్ ఏ కౌన్సిల్‌లో ఉందో నిర్ధారించుకోవాలి. ఈ మూడింటికీ హైదరాబాద్ కోఠిలోని తెలంగాణ మెడికల్ కౌన్సిలే ఆధారం.

ఇవి కుదిరాక గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్. మీ మీద క్రమశిక్షణ చర్య ఏదీ లేదని చెప్పే కాగితం ఇది. నేషనల్ మెడికల్ కమిషన్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. రాష్ట్ర కౌన్సిల్ ధ్రువీకరించాకే అది ముందుకు కదులుతుంది. పైన చెప్పిన పేరు, పీజీ, రెన్యువల్‌లో ఏ ఒక్క తేడా ఉన్నా ఫైలు ఇక్కడే ఆగుతుంది. ఈ సర్టిఫికెట్ ఎప్పుడూ తాజాగా ఉండాలి, రెండేళ్ల కిందట తీసుకున్నది పనికిరాదు. అందుకని దీన్ని మరీ ముందుగా తీసుకోకుండా, సంస్థ జాబితాలో మీ పేరు చేరగానే పెట్టండి.

సర్కారు కొలువులో ఉన్నవాళ్లు

నోటిమాట సరిపోదు, సెలవు చీటీ ఒక్కటీ సరిపోదు. విదేశీ ప్రయాణానికి శాఖ అనుమతి వేరే, సెలవు మంజూరు వేరే. రెండూ చేతికి వచ్చాకే బయల్దేరాలి. ఏ దారిలో పంపాలన్నది మీరు ఏ విభాగం కింద ఉన్నారో దాన్నిబట్టి ఉంటుంది. పీహెచ్‌సీ డాక్టర్లు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ద్వారా ప్రజారోగ్య డైరెక్టర్‌కు. ఏరియా ఆసుపత్రుల్లో ఉన్నవాళ్లు వైద్య విధాన పరిషత్ కమిషనర్‌కు. మహబూబ్‌నగర్, నల్లగొండ, సూర్యాపేట మెడికల్ కాలేజీల్లో, వాటి బోధనాసుపత్రుల్లో ఉన్నవాళ్లు ప్రిన్సిపాల్ లేదా సూపరింటెండెంట్ ద్వారా డీఎంఈకి (వైద్య విద్య డైరెక్టర్‌కు). బీబీనగర్ ఎయిమ్స్ కేంద్ర సంస్థ, దాని దారి వేరు. జిల్లా ఆసుపత్రి మెడికల్ కాలేజీ కిందికి మారాక కూడా పాత దారిలోనే దరఖాస్తు పంపి, నెల తర్వాత "మాకు సంబంధం లేదు" అని తిరిగొచ్చిన ఫైళ్లు ఉన్నాయి. ముందు మీ జీతం ఏ హెడ్ (ఖాతా పద్దు) నుంచి వస్తోందో చూసుకోండి.

దరఖాస్తులో ఇవి తప్పకుండా రాయాలి: ఏ దేశం, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, పిలిచిన సంస్థ లేఖ, ఖర్చు ఎవరు భరిస్తున్నారు, మీరు లేనన్ని రోజులు ఛార్జి ఎవరికి, శాఖాపరమైన విచారణ ఏదీ పెండింగ్‌లో లేదన్న ధ్రువీకరణ. ఛార్జి తీసుకునే డాక్టర్ సంతకం కూడా పెట్టించి పంపితే పై ఆఫీసు నుంచి వచ్చే మొదటి ప్రశ్నకు ముందే జవాబు ఇచ్చినట్టు. ఒక్క మెడికల్ ఆఫీసరే ఉన్న పీహెచ్‌సీ అయితే ఈ సంతకం లేకుండా ఫైలు కదలదు, కదలకూడదు కూడా. అమ్రాబాద్ మండలంలోనో దేవరకొండ పక్కనో పురుడుకు వచ్చిన మనిషిని వదిలి పోవడం సేవ కిందికి రాదు. అప్లికేషన్ ఇచ్చాక ఇన్‌వార్డ్ నంబర్ తప్పకుండా రాయించుకోండి.

చాలామంది కాలు జారేది విదేశీ ఆతిథ్యం దగ్గర. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010లోని 6వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ ఆధీనంలోని సంస్థల ఉద్యోగులు విదేశీ సంస్థ ఇచ్చే టికెట్టు, బస, తిండి తీసుకోవాలంటే కేంద్ర హోంశాఖ ముందస్తు అనుమతి ఉండాలి. దానికి ఎఫ్‌సీ-2 ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి, ప్రయాణానికి కనీసం 2 వారాల ముందు. ఆహ్వాన లేఖ, మీ శాఖ ఇచ్చిన అనుమతి రెండూ జతచేయాలి. అంటే శాఖ అనుమతి రాకుండా ఈ ఫారం పెట్టడానికే లేదు. భూకంపం రెండు వారాలు ఆగదు కదా అంటారు. నిజమే. అందుకే సర్కారు డాక్టర్లకు మొదటి వారం బృందం కన్నా, మూడో వారంలోనో రెండో నెలలోనో వెళ్లే విడతే కుదురుతుంది. ఐక్యరాజ్యసమితి, దాని ప్రత్యేక సంస్థలు ఈ చట్టం దృష్టిలో విదేశీ మూలం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఖర్చు పెడితే ఎఫ్‌సీ-2 అక్కర్లేదు. సొంత డబ్బుతో వెళ్లినా అక్కర్లేదు. శాఖ అనుమతి మాత్రం అన్ని సందర్భాల్లోనూ ఉండాల్సిందే.

సొంత నర్సింగ్‌హోమ్ ఉన్నవాళ్లకు ఈ తంటా లేదు. ప్రైవేటు ఆసుపత్రిలో జీతానికి ఉన్నవాళ్లకు యాజమాన్యం లేఖ చాలు. పీజీ చదువుతున్నవాళ్లు ఇప్పుడు వెళ్లకపోవడమే మంచిది. హాజరు తక్కువైతే కోర్సు గడువు పెరుగుతుంది, పైగా బృందాలు కోరేది స్వతంత్రంగా పనిచేయగలవాళ్లను.

పాస్‌పోర్ట్, వీసా

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో పోస్టాఫీసు పాస్‌పోర్ట్ సేవా కేంద్రాలు ఉన్నాయి. 36 పేజీల పుస్తకానికి 1,500 రూపాయలు, 60 పేజీలదానికి 2,000, తత్కాల్ అయితే ఇంకో 2,000. ప్రభుత్వ ఉద్యోగి పాస్‌పోర్ట్ దరఖాస్తుకు అనుబంధం జీ లోని ఎన్‌ఓసీ (శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) కోసం నెలలు ఎదురుచూడాల్సిన పనిలేదు. పై అధికారికి అనుబంధం హెచ్ నమూనాలో ముందస్తు సమాచారం ఇచ్చి, ఆ నకలు జతచేస్తే సరిపోతుంది. పాస్‌పోర్ట్ వచ్చింది కాబట్టి వెళ్లడానికి అనుమతి వచ్చినట్టే అనుకోవద్దు, అవి వేరు వేరు. ప్రయాణం నాటికి పాస్‌పోర్ట్‌లో 6 నెలలకు పైగా గడువు, రెండు ఖాళీ పేజీలు ఉండేలా చూసుకోండి.

టూరిస్టు వీసాతో వెళ్లి వైద్యం చేయడం చాలా దేశాల్లో నేరం. ఏ వీసా తీసుకోవాలో బృందమే చెబుతుంది. అక్కడి ఆరోగ్యశాఖ ఇచ్చే తాత్కాలిక ప్రాక్టీసు అనుమతి కూడా బృందం ద్వారానే వస్తుంది. దానికి డిగ్రీలు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, పాస్‌పోర్ట్ స్కాన్లు కలిపి ఒకే పీడీఎఫ్‌గా పెట్టుకుంటే పని సగం అయిపోతుంది. నేపాల్‌కు మనవాళ్లకు వీసా అక్కర్లేదు. కానీ విమానంలో పోవాలంటే పాస్‌పోర్ట్ గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ ఉండాలి, ఆధార్ చూపితే ఎక్కనివ్వరు. వీసా లేదు కదా అని వైద్యం చేయడానికి అనుమతి అక్కర్లేదనుకుంటే పొరపాటు, నేపాల్ మెడికల్ కౌన్సిల్ తాత్కాలిక రిజిస్ట్రేషన్ కావాలి.

టీకాలు, బీమా, సామాను

హెపటైటిస్ బి టీకా వేయించుకున్నామని చెబితే చాలదు, యాంటీబాడీ పరీక్ష రిపోర్టు అడుగుతారు. ధనుర్వాతం, టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, తట్టు టీకాలు కార్డు మీద తేదీలతో ఉండాలి. ఆఫ్రికా, దక్షిణ అమెరికాల్లో ఎల్లో ఫీవర్ ముప్పు ఉన్న దేశాలైతే ఆ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. వేసిన 10 రోజుల తర్వాతే ఆ కార్డు చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనిచేస్తుంది. ఆ కార్డు లేకుండా ఆ దేశాల నుంచి తిరిగొస్తే శంషాబాద్‌లో దిగగానే క్వారంటైన్‌కు పంపవచ్చు.

ఇక్కడ మీకున్న వృత్తి బీమా సాధారణంగా భారతదేశం వరకే వర్తిస్తుంది. ప్రయాణ బీమాల్లో చాలావాటికి విపత్తు ప్రాంతం మినహాయింపుల జాబితాలో ఉంటుంది. గాయపడితే విమానంలో తరలించే ఖర్చును బృందం బీమా భరిస్తుందా లేదా అన్నది లేఖలో రాయించుకోండి.

కెటమిన్, మార్ఫిన్, ట్రమడాల్ లాంటి మత్తు, నొప్పి మందులు సొంత బ్యాగులో పెట్టుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. మన దగ్గరే అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. శంషాబాద్ నుంచి దుబాయ్ మీదుగా వెళ్తే అక్కడ ట్రమడాల్ స్ట్రిప్ ఒక్కటి ఉన్నా చిక్కే. అలాంటి మందులు బృందం తన లైసెన్స్ మీద కార్గోలో పంపుతుంది. మీరు తీసుకెళ్లాల్సింది స్టెతస్కోపు, తలకు కట్టుకునే టార్చి, గట్టి బూట్లు, మీరు రోజూ వేసుకునే మాత్రలు, వాటి చీటీ.

బయోడేటాలో ఏం రాయాలి

"విశేష అనుభవం" అని రాస్తే ఎవరూ చదవరు, అంకెలు రాయండి. గత 12 నెలల్లో ఎన్ని సిజేరియన్లు, ఎన్ని ప్లాస్టర్లు, ఎన్ని పాము కాట్లు, ఎన్ని స్పైనల్ అనస్థీషియాలు. పెద్ద నగరంలో ఒక్క స్పెషాలిటీకే పరిమితమైన డాక్టర్ కన్నా, అచ్చంపేటలోనో మిర్యాలగూడలోనో అన్నీ చూసే డాక్టర్‌కు ఇక్కడ బలం ఎక్కువ. భూకంప గాయాల సర్జరీ మొదటి వారంలోనే ఎక్కువ. ఆ తర్వాత వచ్చేవాళ్లు షుగర్ మందు దొరకని ముసలివాళ్లు, గర్భిణులు, విరేచనాల పిల్లలు. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణ పొంగి అలంపూర్ మునిగినప్పుడు శిబిరాల్లో పనిచేసినవాళ్లు ఆ అనుభవాన్ని తప్పక రాయాలి. ఐక్యరాజ్యసమితి ఉచిత ఆన్‌లైన్ భద్రతా కోర్సు బీసేఫ్ సర్టిఫికెట్ జతచేయండి. చాలా సంస్థలు దాన్ని ముందే అడుగుతాయి, ఒక మధ్యాహ్నంలో పూర్తవుతుంది.

అక్కడ ప్రతి సాయంత్రం చూసిన రోగుల లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ నమూనాలో పంపాలి. అలవాటు లేనివాళ్లు ఆ ఫారాన్ని ముందే ఒకసారి చూసుకుంటే మంచిది.

సెలవు పెట్టేటప్పుడు తిరుగు తేదీకి ఇంకో 5 రోజులు కలిపి అడగండి. విమానాశ్రయాలు మూసుకుపోవడం ఇలాంటి చోట్ల మామూలే, గడువు దాటిన ప్రతి రోజూ అనధికార గైర్హాజరు కింద పడుతుంది. వచ్చిన రోజే జాయినింగ్ రిపోర్టు ఇవ్వండి. మలేరియా నివారణకు డాక్సీసైక్లిన్ వేసుకుంటుంటే ఇంటికొచ్చాక కూడా ఇంకో 4 వారాలు మానకూడదు, ఆ తర్వాతైనా జ్వరం వస్తే ఏ దేశం వెళ్లొచ్చారో చూసే డాక్టర్‌కు మొదటి మాటగా చెప్పండి.