ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న పెద్దవాళ్లకి బీపీ, కొలెస్ట్రాల్ ఎలా చూసుకోవాలి?

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటే గుండె లయ తప్పి ఎలా పడితే అలా కొట్టుకోవడం. అది ఉన్నవాళ్లకి బీపీ ఒకసారి 158 వస్తుంది, కాసేపాగి చూస్తే 136, దాంతో ఇంట్లోవాళ్లు మిషన్ పాడైందనుకుంటారు. చాలాసార్లు మిషన్ తప్పేం ఉండదు, ఒక్కో బీట్‌కి గుండె తోసే రక్తం ఒక్కోలా ఉంటుంది కాబట్టి రీడింగూ మారుతుంది. అందుకే ఒక్క రీడింగ్ చూసి కంగారుపడొద్దు, సొంతంగా మాత్ర ఆపడం, పెంచడం అసలే వద్దు.

1. ముందు కొలవడం సరిగ్గా ఉండాలి. మణికట్టుకి పెట్టేది కాకుండా జబ్బకి చుట్టే మిషన్ వాడండి. కాఫీ, టీ, సిగరెట్ అయ్యాక అరగంట ఆగి, బాత్‌రూమ్‌కి వెళ్లొచ్చి, వీపు ఆనించి 5 నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి, పాదాలు నేలమీద, చెయ్యి టేబుల్ మీద గుండె ఎత్తులో ఉండాలి. నిమిషం గ్యాప్‌తో మూడుసార్లు చూసి సగటు రాసుకోండి. డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు పొద్దున మాత్రలకి ముందు, సాయంత్రం ఇలా రాస్తే ఆయనకి చాలా పనికొస్తుంది.

2. నిలబెట్టి కూడా చూడండి, దీన్ని చాలామంది వదిలేస్తారు. కూర్చున్నప్పుడు చూసి, లేచిన 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్లీ చూడండి. పై నంబర్ 20 గానీ కింది నంబర్ 10 గానీ పడిపోయినా, కళ్లు తిరిగినా డాక్టర్‌కి చెప్పాలి. రక్తం పలచబడే మందు వాడేవాళ్లు పడి తలకి దెబ్బ తగిలితే, పైకి బాగానే ఉన్నా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

3. టార్గెట్ ఎంతో అడగండి. చాలామందికి 130/80 లోపు చూస్తారు, బాగా నీరసించిన వాళ్లకి, కళ్లు తిరిగేవాళ్లకి కొంచెం సడలిస్తారు.

4. కొలెస్ట్రాల్‌కి స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మాత్ర) మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల్లో మళ్లీ లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) చేయించాలి. హార్ట్ ఎటాక్ వచ్చినవాళ్లకి చెడు కొలెస్ట్రాల్ అయిన ఎల్‌డీఎల్ 70 కంటే తక్కువ ఉండాలంటారు, కొందరికి 55 లోపే. కండరాల నొప్పులొస్తే ఆపేయకుండా చెప్పండి, మందు మార్చొచ్చు. డిల్టియాజెమ్, వెరపమిల్, అమియోడరోన్ అనే గుండె మందులు వాడుతుంటే సిమ్వాస్టాటిన్ డోసుకి పరిమితి ఉంటుంది, రక్తం పలచబడే మందు వార్ఫరిన్‌తో రోసువాస్టాటిన్ కలిస్తే, రక్తం ఎంత పలచబడిందో చూపే ఐఎన్‌ఆర్ పెరగొచ్చు, కాబట్టి అన్ని మాత్రల స్ట్రిప్పులూ పట్టుకెళ్లి చూపించండి.

5. నొప్పులకి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మీరే కొని వేసుకోవద్దు, బీపీనీ పెంచుతాయి, బ్లీడింగ్ రిస్కూ పెంచుతాయి. ఉప్పు, మద్యం తగ్గించాలి, మద్యం తాగితే గుండె లయ కూడా దెబ్బతింటుంది.

ఇంకొకటి, దయచేసి గుర్తుపెట్టుకోండి. కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది కదా అని రక్తం పలచబడే మాత్ర ఆపేస్తుంటారు కొందరు. ఈ జబ్బులో గడ్డ కట్టేది కొలెస్ట్రాల్ వల్ల కాదు, గుండె పై గదిలో రక్తం సరిగ్గా కదలక నిలిచిపోవడం వల్ల, ఆ గడ్డ మెదడుకి చేరితే స్ట్రోక్ వస్తుంది. బీపీ, ఎల్‌డీఎల్ రెండూ బాగున్నా ఆ మాత్ర ఆపాలా వద్దా అనేది డాక్టరే చెప్పాలి.