వారం వారం విమానం ఎక్కేవాళ్లు సేఫ్టీ డెమోను ఎలా వినాలి?

టేకాఫ్‌కు ముందు సిబ్బంది జాగ్రత్తలు చూపించే ఆ డెమో మొదలవగానే ఫోన్‌లో తలదూర్చేది కొత్తవాళ్లు కాదు, నెలకు నాలుగుసార్లు తిరిగేవాళ్లు. నేనూ ఆ బాపతే. బెల్టు పెట్టుకోవడం ఇంకెన్నిసార్లు వింటాం? విననక్కర్లేదు. ఆ రెండు మూడు నిమిషాల్లో విమానాన్ని బట్టి, సీటును బట్టి మారేవి చూసుకుంటే చాలు.

1. వరసలు లెక్కపెట్టండి. ముందూ వెనకా తలుపు ఎన్ని సీట్ల అవతల ఉందో వేళ్ల మీద లెక్కేసుకోండి. పొగ కమ్మితే కళ్లు పనిచేయవు, సీట్లు తడుముకుంటూ పోవాల్సిందే. అలవాటును నమ్మొద్దు. హైదరాబాద్ నుంచి రాజమండ్రికి ఏటీఆర్‌లో (చిన్న ప్రొపెల్లర్ విమానం) వెళ్తే ఎక్కేది వెనక తలుపు నుంచి. రోజూ ఎయిర్‌బస్ ఎక్కేవాళ్ల కాళ్లు మాత్రం ముందుకే లాగుతాయి.

2. లైఫ్ జాకెట్ ఎక్కడుందో చేత్తో తడిమి చూడండి, బయటికి లాగొద్దు. 2009లో న్యూయార్క్ హడ్సన్ నదిలో దిగిన విమానంలో 155 మందీ బతికారు కానీ, చాలామంది జాకెట్ లేకుండానే బయటికొచ్చారు. ఎక్కువమంది డెమో చూడనే లేదని దర్యాప్తులో తేలింది.

జాకెట్‌లోకి గాలి నింపేది తలుపు దాటాకే. 1996లో హైజాకైన ఇథియోపియన్ విమానం ఇంధనం అయిపోయి కొమొరోస్ దీవుల దగ్గర సముద్రంలో పడింది. కొందరు కంగారులో లోపలే గాలి నింపేసుకున్నారు. నీళ్లు వచ్చేసరికి జాకెట్లు వాళ్లను పైకి ఎత్తేశాయి, మునిగి తలుపు దాకా వెళ్లలేకపోయారు. 175 మందిలో మిగిలింది 50 మందే.

3. పైనుంచి జారే ఆక్సిజన్ మాస్క్ ముక్కునూ నోటినీ కప్పాలి. 2018లో అమెరికాలో ఇంజిన్ పేలిన విమానంలోంచి వచ్చిన ఫొటోల్లో చాలామందికి మాస్క్ నోటి మీదే ఉంది! మాస్క్‌కు ఉండే సంచి ఉబ్బకపోయినా ఆక్సిజన్ వస్తుంది. 35,000 అడుగుల ఎత్తులో క్యాబిన్‌లో గాలి పోతే నిమిషంలోపే చేతులు మాట వినవు. అందుకే పిల్లల కన్నా ముందు మీరు పెట్టుకోవాలి.

4. పాస్‌పోర్టు, మందులు జేబులో ఉంచుకోండి. టేకాఫ్ అయ్యేదాకా బూట్లు విప్పొద్దు. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మంటలంటుకున్న విమానంలోంచి 379 మందీ బయటపడ్డారు. చాలామంది బ్యాగులు పైనే వదిలేసి దిగారు. జేబులో అన్నీ ఉంటే పై అర వైపు చెయ్యి పోదు.