కట్టుడు పళ్లతో చేపల పులుసు దాకా

పోయిన ఏడాది కావలిలో పైదీ కిందిదీ రెండు సెట్లూ కట్టించుకున్నాను. మొదటి వారం నోరంతా ఒకటే ఊరడం, ‘స’ అంటే ఈల. మా ఆవిడ నవ్విందని రోషమొచ్చి తీసి గ్లాసులో పడేసి రెండు రోజులు ముట్టుకోలేదు, అదే నేను చేసిన తప్పు, ఎందుకంటే పెట్టుకోకపోతే నోటికి అలవాటే కాదు.

మాట కోసం రోజూ పొద్దున పేపరు పైకి చదివాను. పది రోజులకి ఈల పోయింది.

తిండే అసలు టెన్షన్. మెత్తటి సంగటి, పప్పన్నం, పెరుగన్నంతో మొదలుపెట్టాను. ముద్దని రెండు వైపులా సర్దుకుని నమలాలి, ఒక్క వైపే నమిలితే రెండో వైపు పైకి లేస్తుంది. ముందు పళ్లతో కొరకడం మానేశాను, జామకాయైనా ముక్కలు కోసుకోవాల్సిందే.

కింద చిగురు ఒకచోట పుండైంది. సాండ్ పేపరుతో నేనే అరగదీద్దామని కూర్చుంటే అల్లుడు లాక్కున్నాడు, మంచి పని చేశాడు. డాక్టరు గారు ఎక్కడ ఒరుసుకుంటోందో తెలియాలని పళ్లు పెట్టుకునే రమ్మన్నారు, ఐదు నిమిషాల్లో సరిచేశారు.

రాత్రి తీసి చల్లటి నీళ్లలో వేస్తాను. వేడినీళ్లు పోస్తే వంకర పోతాయి. కడిగేటప్పుడు కింద నీళ్ల బకెట్ ఉంటే జారినా పగలవు.

చేపల పులుసు మాత్రం ఆరో వారం తిన్నాను. పై సెట్టు అంగిలిని కప్పేస్తుంది కదా, ముల్లు తగిలినా తెలీదు, అందుకే ఇప్పటికీ మా ఆవిడే ఏరి పెడుతుంది.