ఇంట్లోనే సైకాలజీ – 4వ పాఠం: లడ్డు చెడగొట్టిన ప్రయోగం

పోయిన పాఠంలో ఇంట్లో వాళ్ళకు అంకెలు చదివి వినిపించి, తిరిగి ఎన్ని చెప్పగలరో రాసుకోమన్నాను. చాలామందికి అయిదుకూ తొమ్మిదికీ మధ్య వచ్చి ఉంటుంది. 1956లో సైకాలజిస్టు జార్జ్ మిల్లర్ ‘ఏడు, అటూ ఇటూ రెండు’ అన్నది దాని గురించే. పది అంకెల ఫోన్ నంబరు ఎవరైనా గడగడా చెప్పేశారంటే, దాన్ని ముక్కలు చేసి పట్టుకున్నారన్నమాట. ఆ సంగతి అక్కడికి చాలు. ఈసారి మాటలు తీసుకుందాం. జ్ఞాపకం ఎలా పనిచేస్తుందన్నది ఎలాగూ తెలుస్తుంది, ప్రయోగం ఎక్కడ చెడుతుందో పట్టుకోవడం మాత్రం నేర్చుకోవాలి.

ముందు నాది ఎలా చెడిందో చెబుతాను.

చదువుకునే రోజుల్లో తిరుపతి బైరాగిపట్టెడలో అద్దె గదిలో ఉండేదాన్ని. ప్రాక్టికల్ రికార్డు కోసం 15 మాటల జాబితా ఒకటి రాసుకుని, చుట్టుపక్కల గదుల్లోని పదిమంది అమ్మాయిలకు విడివిడిగా చదివి వినిపించాను. రావలసిన ఫలితం పుస్తకంలో ఉంది. జాబితాలో మొదటి మాటలు, చివరి మాటలు బాగా గుర్తుంటాయి, మధ్యవి జారిపోతాయి. గ్రాఫు గీస్తే బట్టలారేసిన తాడులా మధ్యలో కిందికి వేలాడాలి. నా గ్రాఫులో మధ్యలో గోపురం లేచింది. ఎనిమిదో మాటను పదిమందిలో తొమ్మిదిమంది చెప్పారు. ఆ మాట ‘లడ్డు’.

మా లెక్చరర్ రికార్డు తిరగేసి, “ఇది జ్ఞాపకం మీద ప్రయోగమా, ప్రసాదం మీదా?” అన్నారు. క్లాసంతా నవ్వింది.

చెంబు, దారం, పలక లాంటి మాటల మధ్య, అదీ తిరుపతిలో, లడ్డు అంటే వినేవాళ్ళకు వాసన కూడా తగులుతుంది. చుట్టూ ఉన్నవాటికి భిన్నంగా ఉన్నది ఎక్కువ గుర్తుంటుందని హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ జర్మనీలో 1933లోనే చూపించింది. నేను కొలుద్దామనుకున్నది మాట ఉన్న చోటును. నాకు తెలియకుండా మాట రుచిని కూడా కొలిచాను. ఇలా పిలవకుండా వచ్చి ఫలితంలో కూర్చునేదాన్ని బాహ్య చరం అంటారు, ఇంగ్లీష్ మీడియం వాళ్ళకు ఎక్స్‌ట్రేనియస్ వేరియబుల్.

ఇప్పుడు మీరు చేయండి. జాబితా ఇదీ: చెంబు, గొడుగు, రైలు, మంచం, మేక, దారం, గంట, గోడ, చీపురు, బావి, పలక, జొన్న, తాళం, కిటికీ, నిచ్చెన. లడ్డు తీసేసి గోడ పెట్టాను.

రెండు సెకన్లకు ఒక మాట చొప్పున, గొంతు పెంచకుండా తగ్గించకుండా చదవండి. చివరి మాట కాగానే సగం మందిని “చెప్పండి” అనండి. వరస అక్కర్లేదు. మిగతా సగం మంది చేత మాత్రం 30 సెకన్లపాటు 97 నుంచి వెనక్కి పైకే లెక్క పెట్టించి, అప్పుడు అడగండి. ఇక్కడ మీరు కావాలని మార్చింది ఒక్కటే, లెక్క పెట్టించడమా మానడమా అన్నది. అది స్వతంత్ర చరం. ఏ చోట ఉన్న మాటను ఎంతమంది చెప్పారన్నది పరతంత్ర చరం. పరీక్షలో ఈ రెండూ తారుమారు చేసేవాళ్ళు ఎక్కువ. నేను ఒకటే గుర్తు పెట్టుకున్నాను: నా చేతిలో ఉన్నది స్వతంత్రం, వాళ్ళ నోట్లోంచి వచ్చేది పరతంత్రం.

ఎవరు ఏ సగంలోకి వెళ్ళాలో మీరు నిర్ణయించొద్దు, రూపాయి బిళ్ళ ఎగరేయండి. ఇంటర్ పిల్లలంతా ఒకవైపు, అవ్వాతాతలంతా ఇంకోవైపు పడ్డారంటే మీరు చూసేది లెక్క పెట్టడం వల్ల వచ్చిన తేడానో, వయసు వల్ల వచ్చిన తేడానో ఎవరూ చెప్పలేరు. మనుషులు తక్కువగా ఉంటే అందరి చేతా రెండు రకాలుగానూ చేయించవచ్చు. అప్పుడు రెండోసారికి వేరే జాబితా కావాలి. సగం మందికి లెక్క పెట్టే వంతు ముందు, సగం మందికి తర్వాత రావాలి. లేకపోతే రెండోసారికి వచ్చే అలవాటో, అలసటో ఫలితంలో కలిసిపోతుంది.

సెలవుల్లో చిత్తూరు దగ్గర మా ఊరికి వెళ్ళినప్పుడు అవ్వ మీద ఇదే జాబితా ప్రయోగించాను.

“అవ్వా, పదిహేను మాటలు చదువుతా. అయినాక గుర్తున్నంతవరకూ చెప్పు.”

“ఈ వయసులో నాకు పరీక్ష పెడతావా తల్లీ? కానీ, చదువు.”

చదవడం కాగానే చివరి నుంచి అందుకుంది. “నిచ్చెన, కిటికీ, తాళం…” కాసేపు ఆగి, “చెంబు, గొడుగు.” మళ్ళీ ఆగింది. “చెంబు అన్నాక బావి ఉండల్ల గదా. ఉండిందా, లేదా?”

బావి ఉంది, పదో చోట. అయితే అది గుర్తొచ్చిందా, ఊహించిందా? నేను మార్కు వేసి పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. మీ రికార్డులో కూడా అలాంటివి దాచకుండా రాయండి. మాటల మధ్య సంబంధం ఉంటే మనసు వాటిని గుంపులుగా బయటికి తెస్తుంది. 1953లో బౌస్‌ఫీల్డ్ జంతువులు, కూరగాయలు, మనుషుల పేర్లు, వృత్తులు కలిపి 60 మాటలు కలగాపులగంగా ఇస్తే, పాల్గొన్నవాళ్ళు వాటిని ఏ రకానివి ఆ రకంగా చేర్చి చెప్పారు. అవ్వకు బౌస్‌ఫీల్డ్ పేరు తెలియదు, పని తెలుసు.

లెక్క పెట్టినవాళ్ళ దగ్గర ఏమవుతుందో చూడండి. మొదటి మాటలు దాదాపు అలాగే ఉంటాయి, చివరి మాటల ఆధిక్యం పోతుంది. 1966లో గ్లాంజర్, క్యూనిట్జ్ 15 మాటల జాబితాలతోనే ఇది చేశారు. వెంటనే అడిగితే రెండు కొనలూ పైకి ఉన్నాయి, 10 సెకన్లు లెక్క పెట్టిస్తే చివరి కొన వంగింది, 30 సెకన్లకు చదునైపోయింది. మొదటి మాటలకు లోపల వల్లె వేసుకునే సమయం దొరుకుతుంది కాబట్టి అవి దీర్ఘకాలిక స్మృతిలోకి చేరాయనీ, చివరివి ఇంకా స్వల్పకాలిక స్మృతిలోనే ఉన్నాయనీ, లెక్క పెట్టడం వాటిని అక్కడి నుంచి తోసేసిందనీ వివరణ. స్వల్పకాలికం, దీర్ఘకాలికం అని జ్ఞాపకానికి వేర్వేరు గదులుంటాయని అట్కిన్సన్, షిఫ్రిన్ చెప్పిన స్మృతి నమూనాకు దీన్ని సాక్ష్యంగా రాస్తాం. ఇక్కడో చిన్న గుంత ఉంది. ఆ నమూనా అచ్చయింది 1968లో, ప్రయోగం అంతకు రెండేళ్ళ ముందు. ‘ఈ నమూనాను పరీక్షించడానికి గ్లాంజర్, క్యూనిట్జ్ ప్రయోగం చేశారు’ అని రాయకండి. ‘ఈ ఫలితం నమూనాకు అనుకూలంగా ఉంది’ అంటే సరిపోతుంది.

ఇక మార్కుల సంగతి. గైడు పట్టుకుని చదివేవాళ్ళు ప్రతి ప్రయోగం కిందా ఒకటే వాక్యం అతికిస్తారు: ‘ఇది ల్యాబ్‌లో చేసినది కనుక నిజ జీవితానికి వర్తించదు.’ నాకు ఈ వాక్యం చూస్తే చిరాకు. ఏ ప్రయోగానికైనా అతికేది ఈ ప్రయోగం గురించి ఏమీ చెప్పడం లేదు. దాన్నే ఇలా రాసి చూడండి:

‘ఈ జాబితాలో మాటలకు ఒకదానితో ఒకదానికి పెద్దగా సంబంధం లేదు. బజారుకు వెళ్ళేటప్పుడు మనం గుర్తు పెట్టుకునే కందిపప్పు, చింతపండు, ఎండుమిరపకాయలకు సంబంధం ఉంది, సాంబారు అనుకుంటే మూడూ గుర్తొస్తాయి. కాబట్టి రోజువారీ జీవితంలో మధ్య మాటలు ఇంతగా జారిపోకపోవచ్చు.’

విమర్శ అదే, కానీ ఇది ఈ ప్రయోగానికి మాత్రమే సరిపోతుంది. ఎందుకు అన్నది ఉంది, అయితే ఏమవుతుందన్నదీ ఉంది.

ఎక్కువ మార్కుల ప్రశ్నయితే ఎదురు సాక్ష్యం కూడా పెట్టండి. 1974లో బ్యోర్క్, విట్టెన్ జాబితా చివర ఒక్కసారే కాకుండా, మధ్యమధ్యలో కూడా దృష్టి మళ్ళించే పని ఇచ్చారు. పై వివరణ ప్రకారం చివరి మాటలు కొట్టుకుపోవాలి. పోలేదు, మళ్ళీ చివరివే ఎక్కువ గుర్తున్నాయి. అంటే చివరి మాటలు బాగా గుర్తుండటానికి స్వల్పకాలిక స్మృతి ఒక్కటే కారణమని చెప్పలేం. ఈ ఒక్క పేరా రాసినవాళ్ళ పేపరు దిద్దేవాళ్ళ చేతిలో కాసేపు ఆగుతుంది.

వచ్చే పాఠంలోగా చేయవలసిన పని: కనీసం పదిమందితో ఇది చేసి గ్రాఫు గీయండి. అడ్డంగా మాట ఉన్న చోటు 1 నుంచి 15, నిలువుగా చెప్పినవాళ్ళ సంఖ్య. లెక్క పెట్టినవాళ్ళకు ఒక గీత, పెట్టనివాళ్ళకు ఇంకో గీత. ఒకే కాగితం మీద గీయండి, రెండు కాగితాలైతే తేడా కంటికి ఆనదు.

ఇంకొకటి. నేనిచ్చిన జాబితాలో కూడా లడ్డు లాంటి మాట ఇంకొకటి మిగిలి ఉందని నా అనుమానం. బ్రహ్మోత్సవాల నెలలో తిరుపతిలో ఈ ప్రయోగం చేసేవాళ్ళు ఏ మాట మార్చాలో, దాని చోట ఏది పెడతారో రాసి ఉంచుకోండి. 5వ పాఠం అక్కడి నుంచే మొదలుపెట్టి, కార్ల ప్రమాదం ఫిల్ము చూపించి సైకాలజిస్టు ఎలిజబెత్ లాఫ్టస్ అడిగిన ప్రశ్న దగ్గరికి వెళ్దాం.