చూడ్డానికా, నడపడానికా? స్పోర్ట్స్ కారు ఎంచుకునే పద్ధతి

స్పోర్ట్స్ కారు కొనాలనుకోగానే కళ్లు రెండు అంకెల మీద పడతాయి. హార్స్‌పవర్ ఎంత, సున్నా నుంచి వందకు ఎన్ని సెకన్లు. నడిపేటప్పుడు ఒళ్లు పులకరిస్తుందా లేదా అన్నది ఈ రెండింటిలో ఏదీ చెప్పదు. వందను నాలుగు సెకన్లలో అందుకునే కారు ఐదో సెకను నుంచి ఏమిస్తుందో చూడాలి. మలుపులో స్టీరింగ్ చేతికి ఏం తెలుపుతోంది, బ్రేకు పెడల్ మీద కాలికి ఎంత నమ్మకం కుదురుతోంది, అరవైలో వెళ్తున్నప్పుడు కూడా బండిలో చురుకు ఉందా అన్నవి బ్రోచర్‌లో కనిపించవు. సీట్లో కూర్చుని తేల్చుకోవాల్సిందే.

అందం చూసి కొనడంలో తప్పేమీ లేదు. గరాజ్ తలుపు తీసినప్పుడల్లా మనసు నిండితే అదీ డబ్బుకు తగిన ఫలమే. చిక్కల్లా అందానికి మనసిచ్చి, ‘డ్రైవింగ్ కోసమే కొన్నాను’ అని మనకు మనమే చెప్పుకోవడంలో ఉంది. ఈ రెండు కోరికలకూ సరిపడే ఇంజిన్ వేరు, గేర్‌బాక్స్ వేరు, టిక్ పెట్టాల్సిన ఆప్షన్లు వేరు. కలగాపులగం చేస్తే రెండూ చేజారతాయి.

మొదట గంటల లెక్క

నెలలో ఆ కారు ఎక్కడెక్కడ తిరుగుతుందో ఒక కాగితం మీద గంటల్లో రాయండి. ఊళ్లో ట్రాఫిక్ ఎంత, తిన్నగా సాగే హైవే ఎంత, మలుపులున్న ఖాళీ రోడ్డు ఎంత, ట్రాక్ ఎంత. కలలో నడిపే రోడ్డు రాయకండి, పోయిన నెల నిజంగా తిరిగిన రోడ్లు రాయండి. మలుపుల రోడ్డూ ట్రాకూ కలిపి నెలకు రెండు గంటలు కూడా లేకపోతే, ట్రాక్ కోసం గట్టిపరచిన సస్పెన్షన్ మిగతా గంటలన్నిటా నడుముకు శిక్ష.

తర్వాత చూడాల్సింది ఆ కారు ఏ వేగంలో రుచి చూపిస్తుందన్నది. మా దృష్టిలో ఎంపిక మొత్తంలో దీన్ని మించినది లేదు, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. పోర్షే 718 కేమన్ జీటీ4నే తీసుకోండి. దాని 4 లీటర్ల ఇంజిన్ 8,000 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దాకా అద్భుతంగా లేస్తుంది. కానీ మాన్యువల్ గేర్‌బాక్స్‌లో రెండో గేరే గంటకు 130 కిలోమీటర్లు దాటేస్తుంది. ఆ ఇంజిన్ గొంతు పూర్తిగా వినాలంటే మామూలు రోడ్డు మీద కుదరదు. అంత గొప్ప కారు ట్రాకుకు దూరంగా ఉన్నవాళ్ల చేతిలో సగం నిద్రలోనే ఉండిపోతుంది.

ఈ లెక్క కొనకముందే ఇంట్లో కూర్చుని వేసుకోవచ్చు. ఇంజిన్ గరిష్ఠ ఆర్‌పీఎంను టైరు చుట్టుకొలతతో (మీటర్లలో) గుణించి, 60తో గుణించి, 1,000తో భాగించండి. వచ్చినదాన్ని ఆ గేరు నిష్పత్తి, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకు ముందుండే చివరి గేరు) నిష్పత్తి రెండింటి లబ్ధంతో భాగిస్తే ఆ గేరులో గరిష్ఠ వేగం గంటకు కిలోమీటర్లలో వస్తుంది. మాజ్డా ఎంఎక్స్-5 నాలుగో తరం, 2 లీటర్ల మాన్యువల్‌కు (2019 మోడల్ నుంచి వచ్చినది) చూద్దాం. 7,500 ఆర్‌పీఎం, చుట్టుకొలత 1.94 మీటర్లు, కాబట్టి పై అంకె 873. రెండో గేరు 2.99, ఫైనల్ డ్రైవ్ 2.87, లబ్ధం 8.58. భాగిస్తే సుమారు 102. అంటే రెండో గేరును వాడాల్సినంతా వాడుకుని, మూడో గేరు వేసే ముచ్చట కూడా వంద దగ్గరే తీరుతుంది. దాని శక్తి జీటీ4లో సగం కూడా ఉండదు, అయినా మామూలు రోడ్డు మీద చేతికీ కాలికీ ఎక్కువ పని ఇచ్చేది ఇదే.

బరువు, టైర్లు, చక్రాలు

హార్స్‌పవర్ కంటే ముందు కర్బ్ వెయిట్, అంటే మనుషులూ సామానూ లేని కారు బరువు చూడండి. 1996లో వచ్చిన మొదటి లోటస్ ఎలీస్ బరువు 725 కిలోల చుట్టూ ఉండేది. ఆల్పీన్ ఏ110 సుమారు 1,100 కిలోలు. నేటి పెద్ద కూపేలు చాలావరకు 1,600 దాటేశాయి. బరువు పెరిగితే మలుపులో ఒరగకుండా గట్టి స్ప్రింగులు కావాలి, ఆపడానికి పెద్ద డిస్కులు కావాలి, పట్టుకు వెడల్పు టైర్లు కావాలి. ఆ స్ప్రింగులు గతుకుల్ని ఒంటికి చేరవేస్తాయి, ఆ టైర్లు రోడ్డు మీది గాడుల వెంట స్టీరింగ్‌ను లాగుతాయి. మొత్తానికి బండి వేగంగా పోతుంది గానీ, చేతికి చేరే సమాచారం మాత్రం మొద్దుబారుతుంది.

పట్టు ఎక్కువైతే ఆనందం ఎక్కువవుతుందనుకోవడం కూడా పొరపాటే. 2012లో టొయోటా జీటీ86ను సుమారు 200 హార్స్‌పవర్‌తో, కావాలనే 215 మిల్లీమీటర్ల వెడల్పే ఉన్న సన్నని మిషెలిన్ ప్రైమసీ టైర్లతో తెచ్చింది. పట్టు తక్కువ కాబట్టి బండి ఎటు జారబోతోందో మామూలు వేగంలోనే తెలుస్తుంది, దాన్ని సరిదిద్దుకునే వ్యవధీ ఉంటుంది. 305 మిల్లీమీటర్ల టైర్లున్న కారులో ఆ హద్దు చేరేసరికి వేగం ప్రమాదకరంగా ఉంటుంది, జారడమూ ఒక్కసారిగా మొదలవుతుంది.

అందానికీ నడకకూ ముఖాముఖి తగవు వచ్చేది చక్రాల దగ్గర. 245/45 ఆర్17 అంటే వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ అందులో 45 శాతం, చక్రం 17 అంగుళాలు; ఆ పక్కగోడ ఎత్తు 110 మిల్లీమీటర్లు. అదే బయటి కొలతకు 19 అంగుళాల చక్రం పెడితే టైరు 245/35 ఆర్19 అవుతుంది, పక్కగోడ 86కు దిగుతుంది. చూపుకు బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ గుంతకూ రిమ్ముకూ మధ్య ఉన్న రబ్బరు మెత్త 24 మిల్లీమీటర్లు తగ్గింది, రిమ్ము వంగే అవకాశం పెరిగింది, సాధారణంగా చక్రం బరువూ పెరుగుతుంది. స్ప్రింగు కింద వేలాడే ఆ బరువు వల్లే గతుకు మీద టైరు రోడ్డును వదిలి ఎగురుతుంది. నడపడానికే అయితే, ఆ మోడల్ బ్రేకుల మీద పట్టే అతి చిన్న చక్రం ఎంచుకోండి.

పెద్ద వెనుక వింగు కూడా ఇంతే. గాలి కిందికి నొక్కే బలం వేగం వర్గంతో పెరుగుతుంది, కాబట్టి 160 దగ్గర వచ్చే బలంలో నాలుగో వంతే 80 దగ్గర ఉంటుంది. ఊళ్లో అది కేవలం అలంకారం, పైగా వెనక అద్దంలో సగం చూపును మింగేస్తుంది. చూపు మాట వచ్చింది కాబట్టి, లాంబోర్గినీ కౌంటాష్‌ను వెనక్కి తీయడానికి నడిపేవాళ్లు తలుపు పైకెత్తి, గడప మీద కూర్చుని, బయటికి వంగి చూసేవాళ్లు. అంతటి సోయగానికి కట్టిన మూల్యం అది. మీరు చూస్తున్న కారును షోరూమ్‌లోనే ఒకసారి రివర్స్ తీసి చూడండి.

సీట్లో మొదటి పది నిమిషాలు

ఇంజిన్ స్టార్ట్ చేయకముందే సగం నిర్ణయం అయిపోవాలి. నడుము పూర్తిగా వెనక్కి ఆనించి, క్లచ్ అడుగుదాకా నొక్కండి, మోకాలు కాస్త వంగే ఉండాలి. భుజాలు సీటును వదలకుండా చేయి చాపితే మణికట్టు స్టీరింగ్ పైఅంచు మీద ఆనాలి. ఆనకపోతే స్టీరింగ్ ముందుకు వస్తుందో లేదో చూడండి, పైకీ కిందికీ మాత్రమే కదిలేదైతే పొడుగు కాళ్లవాళ్లకు కష్టం. తర్వాత పెడల్స్ మన కాళ్లకు ఎదురుగా ఉన్నాయో, పక్కకు జరిగి ఉన్నాయో గమనించండి. ఇంజిన్ మధ్యలో ఉన్న కొన్ని కార్లలో ముందు చక్రం గూడు లోపలికి చొచ్చుకొచ్చి పెడల్స్‌ను పక్కకు నెడుతుంది. ఐదు నిమిషాలకు తెలియదు, గంటకు నడుము పట్టేస్తుంది.

మాన్యువల్ అయితే ఇంకొకటి. బ్రేకును ఊరికే ముట్టుకుని కాదు, నిజంగా వేగం తగ్గించేంత లోతుకు నొక్కి ఉంచి, అప్పుడు చూడండి. యాక్సిలరేటర్ దానికి దాదాపు సమాన ఎత్తులో, కుడిపాదం అంచుకు అందేంత దగ్గర్లో ఉండాలి. అలా ఉంటేనే బ్రేకు వేస్తూనే ఇంజిన్‌ను లేపి కింది గేరుకు సాఫీగా దిగడం కుదురుతుంది. ట్రాకుకు తీసుకెళ్లే ఉద్దేశం ఉంటే హెల్మెట్ పెట్టుకునే కూర్చోండి. తల పైకప్పుకు తగిలితే ఆ కారు మీది కాదు.

టెస్ట్ డ్రైవ్

నలభై నిమిషాలకు తగ్గొద్దు. పోల్చే రెండు కార్లనూ ఒకే రోజు, ఒకే రోడ్డు మీద నడపండి. బయల్దేరే ముందు టైర్ల గాలి కొలిపించండి. రవాణా కోసం ఎక్కువ కొట్టిన గాలిని తగ్గించకుండానే కారు చేతికిస్తే గట్టిగా, చిందులు తొక్కుతూ నడుస్తుంది, ఆ తప్పు సస్పెన్షన్ మీద పడుతుంది. మొదట నార్మల్ మోడ్‌లోనే నడపండి. స్పోర్ట్ మోడ్ నొక్కితే చాలా కార్లలో స్టీరింగ్ బరువెక్కుతుంది. బరువు వేరు, రోడ్డు కబురు వేరు.

ఆ కబురు ఎలా ఉంటుందో ఇలా పట్టుకోవచ్చు. అవతలి దాకా చూపు ఆనే మలుపు ఒకటి చూసుకుని, రెండో గేరులో 50 దగ్గర వెళ్లండి. పిడికిలి బిగించకుండా వేళ్లతో పట్టుకోండి. స్టీరింగ్ తిప్పిన మొదటి కొద్ది డిగ్రీల్లోనే ముక్కు కదలాలి, తిప్పేకొద్దీ చేతిలో బరువు క్రమంగా పెరగాలి. మలుపు మధ్యలో తారు అతుకు వస్తే అది వేళ్లకు చిన్న వణుకుగా తెలియాలి, స్టీరింగ్ మాత్రం చేతిలోంచి లాక్కోకూడదు. మొదటినుంచీ చివరిదాకా ఒకే బరువుంటే, అతుకు అసలు తెలియకపోతే, ఆ కారు మీకు ఏమీ చెప్పడం లేదన్నట్టు. కొన్నాక అలవాటైపోతుందిలే అనుకోకండి, ఇది అలవాటుతో వచ్చేది కాదు.

వెనక ఎవరూ లేనప్పుడు 60 నుంచి 30కి బ్రేకు వేయండి. పెడల్ ఎంత దూరం దిగిందన్నదాన్ని బట్టి కాకుండా, ఎంత బలంగా నొక్కామన్నదాన్ని బట్టి బండి ఆగాలి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ స్పోర్ట్స్ కార్లలో పూర్తిగా ఆగబోయే క్షణాన్ని గమనించండి. మోటారు బ్రేకింగ్ నుంచి ప్యాడ్లకు పని మారే చోట కాలి కింద చిన్న తొట్రుపాటు వస్తే, ట్రాఫిక్‌లో రోజూ అదే విసిగిస్తుంది. టర్బో ఇంజిన్ అయితే మూడో గేరులో 2,000 ఆర్‌పీఎం దగ్గర యాక్సిలరేటర్ నొక్కి, లాగుడు అందుకునేవరకు మనసులో లెక్కపెట్టండి. ఇంజిన్ శబ్దం స్పీకర్లలోంచి వస్తోందేమో కూడా కనుక్కోండి.

అందానికే ఓటు వేసేవాళ్లకు

ఒకే బాడీతో రెండు మూడు ఇంజిన్లు వస్తే చిన్నది తీసుకోండి. రోడ్డు మీద చూసేవాళ్లకు తేడా తెలియదు, మీకు బీమా, టైర్లు, సర్వీసు భారం తగ్గుతుంది. ఆటోమేటిక్, మెత్తదనం మార్చుకోగల అడాప్టివ్ సస్పెన్షన్, ముక్కు పైకెత్తే ఫ్రంట్ లిఫ్ట్ ఉంటే వాటికి డబ్బు పెట్టండి. మ్యాట్ పెయింట్‌ను పాలిష్ చేయకూడదు, చేస్తే ఆ చోట మెరుపు వచ్చి మచ్చలా మిగులుతుంది. నలుపు మీద సన్నని గీతలన్నీ కనిపిస్తాయి. కొనకముందే కారును మీ పార్కింగ్‌కు తెప్పించి, ర్యాంప్ మీద ముందు బంపర్ కింది అంచు గీసుకుంటుందేమో చూడండి, అటూ ఇటూ కార్లున్నప్పుడు ఆ పొడవాటి తలుపు తీసి దిగగలరేమో కూడా చూడండి.

రెండూ కావాలనుకుంటే, నడకలో నెగ్గిన కార్ల జాబితా ముందు తయారుచేసి, అందులోంచి అందమైనది ఎంచుకోండి. రంగు మార్చవచ్చు, చక్రాల డిజైన్ మార్చవచ్చు. స్టీరింగ్ స్వభావం, కూర్చునే తీరు, పెడల్స్ చోటు మార్చలేం. నడకకే అయితే ఆప్షన్లలో లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ (పట్టు తప్పిన ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపేది), మంచి సీట్లు ముందు వరుసలో ఉండాలి. కార్బన్ సిరామిక్ బ్రేకులు రోడ్డుకు అనవసరం.

సెకండ్ హ్యాండ్ అయితే

టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అనే అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివరి నాలుగు అంకెలు చదవండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. నాలుగు టైర్లూ ఒకే రకం కాకపోతే, కారు నడకను ఆ టైర్లతో అంచనా వేయొద్దు. అరచేతిని టైరు మీద బయటినుంచి లోపలికి, మళ్లీ లోపలినుంచి బయటికి పాముతూ చూడండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు రంపపు పళ్లలా తగిలితే టో కోణం (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తప్పింది. లోపలి అంచు ఒక్కటే అరిగితే టో గానీ క్యాంబర్ (చక్రం నిలువుకు ఒరిగే కోణం) గానీ ఎక్కువగా పెట్టి ఉంటుంది, లేదా సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు పోయి ఉంటాయి. బ్రేకు డిస్కు మీద ముద్రించిన కనీస మందంతో అసలు మందాన్ని పోల్చండి.

ఒక్కో మోడల్‌కు ఒక్కో జబ్బు ఉంటుంది. 1997 నుంచి 2008 వరకు వచ్చిన పోర్షే బాక్‌స్టర్, కేమన్, 911 మామూలు మోడళ్లలో ఇంటర్మీడియట్ షాఫ్ట్ (ఇంజిన్ లోపల క్యామ్ షాఫ్ట్‌లను తిప్పే మధ్య షాఫ్ట్) బేరింగ్ సంగతి అడగండి, అది విరిగితే ఇంజిన్ మొత్తం పోతుంది. బీఎండబ్ల్యూ ఈ46 ఎం3లో వెనుక సబ్‌ఫ్రేమ్ (వెనుక సస్పెన్షన్‌ను మోసే చట్రం) బిగించే చోట నేల రేకు పగుళ్లను లిఫ్ట్ మీదకెక్కించి చూడాలి. పోర్షేల కంప్యూటర్‌లో ఇంజిన్ ఆర్‌పీఎం హద్దు ఎంత దాటి తిరిగిందో శ్రేణుల వారీగా రికార్డు దొరుకుతుంది, దాని ప్రింట్ తీసుకోండి. పై శ్రేణుల్లో అంకెలుంటే ఎవరో తప్పు గేరు వేశారని అర్థం.

కారు చేతికొచ్చిన మొదటి వారంలోనే బ్రేకు ఆయిల్ మార్పించండి. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 155కు దిగవచ్చు. కొండ దారిలో వరుస మలుపులు దిగేటప్పుడు పెడల్ మెత్తబడి అడుగంటేది అందుకే. ఆ తర్వాత టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూసి, వీల్ అలైన్‌మెంట్ చేయించండి. అలైన్‌మెంట్ చేసేటప్పుడు డ్రైవరు బరువుకు సమానమైన బస్తా సీట్లో పెట్టమనండి. తేలిక కార్లలో ఆ 70, 80 కిలోలకే కోణాలు మారిపోతాయి.