లైవ్ సామాను కొంటున్నారా? కెమెరా ఆఖర్న కొనండి

బెజవాడలో ఈ మధ్య ఎవర్ని కదిపినా లైవ్ మాటే. పెళ్లి, పంచెల ఫంక్షన్, గుడి ప్రతిష్ఠ, కాలనీ వాలీబాల్ పోటీ, చివరికి పెద్దకర్మకి కూడా "అబ్బాయి అమెరికాలో ఉన్నాడండీ, లింక్ పెట్టండి" అంటున్నారు. 2016లో జియో వచ్చి డేటా చవకైంది, 2020లో కరోనా వల్ల పెళ్లికి రాలేని చుట్టాలకి లింకులు అలవాటయ్యాయి, 2022 అక్టోబర్‌లో 5జీ మొదలైంది. దాంతో ఫోటో స్టూడియో కుర్రాళ్లు ఎక్కడ కనపడినా ఒకటే ప్రశ్న: అన్నా, ఏ కెమెరా కొనమంటావు?

ఏదీ వద్దు. చేతిలో ఉన్న ఫోన్‌తో ముందు పది లైవ్‌లు చేయండి. బొమ్మ కాస్త మసగ్గా ఉందని డబ్బులు ఆపినవాళ్లని నేను చూడలేదు, జీలకర్ర బెల్లం టైమ్‌కి తెర మీద గుండ్రం తిరిగితే మాత్రం ఆపుతారు. నాకు ఆపారు. కానూరు వైపు ఒక హాల్లో సాయంత్రం వెళ్లి స్పీడ్ టెస్ట్ చేస్తే అప్‌లోడ్ బ్రహ్మాండంగా ఉంది, కాలు మీద కాలేసుకుని కూర్చున్నా. రాత్రి ముహూర్తానికి హాలు నిండిపోయి, తాళి కట్టే టైమ్‌కి అందరూ ఫోన్లు పైకెత్తి ఎవరి స్టేటస్‌లు వాళ్లు పెట్టుకుంటుంటే నా అప్‌లోడ్ ఒక ఎంబీపీఎస్ కూడా లేదు. డల్లాస్‌లో పెళ్లికూతురి అన్నయ్య తాళి కట్టడం చూడలేదు, వాళ్ల నాన్నగారు ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తు చేస్తారు.

కాబట్టి మొదటి పని నెట్. చోటు చూడటానికి వెళ్తే ఖాళీగా ఉన్నప్పుడు కాదు, అదే హాల్లో వేరేవాళ్ల ఫంక్షన్ జరుగుతున్నప్పుడు వెళ్లండి. డౌన్‌లోడ్ అంకె వదిలేయండి, అప్‌లోడ్ చూడండి, స్టేజి దగ్గర ఒకసారి, గుమ్మం దగ్గర ఒకసారి, డాబా మీద ఒకసారి. హాట్‌స్పాట్ ఫోన్ గుమ్మం బయట కిటికీలో పెడితేనే పని జరిగే హాళ్లు ఉన్నాయి. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, రెండు వేర్వేరు ఫోన్లలో పెట్టుకోండి. ఒకే ఫోన్‌లో రెండు సిమ్‌లున్నా మామూలుగా డేటా ఒకసారికి ఒకదాని మీదే నడుస్తుంది, ఇది చాలామంది పట్టించుకోరు. హాలు వాళ్ల వైఫై ఇస్తామంటే తీసుకోండి, కానీ దాన్ని నమ్ముకుని మాత్రం వెళ్లొద్దు.

ఇక క్వాలిటీ. యూట్యూబ్ 720పీ బొమ్మకి, సెకనుకి 30 ఫ్రేములైతే, 4 ఎంబీపీఎస్ బిట్‌రేట్ (అంటే సెకనుకి పంపే డేటా) పెట్టమంటుంది. అంటే గంటకి దాదాపు 1.8 జీబీ, నాలుగు గంటల పెళ్లికి ఏడు జీబీ పైనే, రోజుకి రెండు జీబీ ప్యాక్ పెట్టుకుని వెళ్తే మధ్యలో ఏమవుతుందో మీరే ఊహించుకోండి. స్పీడ్ టెస్ట్‌లో దీనికి కనీసం రెట్టింపు స్థిరంగా కనపడకపోతే బిట్‌రేట్ తగ్గించండి. చూసే మేనత్తలు, పెద్దమ్మలు ఫోన్లోనే చూస్తారు, 720పీకీ 1080పీకీ వాళ్లకి తేడా తెలియదు. లేటెన్సీ, అంటే ఇక్కడ జరిగింది అక్కడ కనపడటానికి పట్టే ఆలస్యం, అది కూడా నార్మల్‌లోనే ఉంచండి. మంత్రాలు కొన్ని సెకన్లు ఆలస్యంగా వినపడితే ఎవరికీ నష్టం లేదు, ఆ కాస్త ఆలస్యమే బఫరింగ్ నుంచి కాపాడుతుంది.

నాలుగైదు సిమ్‌లని కలిపి వాడే బాండింగ్ యూనిట్లు వచ్చాయి, టీవీ ఛానెళ్ల వాళ్లు భుజాన వేసుకునే లైవ్‌యూ బ్యాక్‌ప్యాక్‌లు ఆ రకమే. వీడియోని ముక్కలు చేసి ఒక్కో సిమ్ మీద కొంత పంపి అవతల సర్వర్‌లో మళ్లీ అతికిస్తాయి. ఫోన్లో స్పీడిఫై లాంటి యాప్‌లు సిమ్ డేటానీ వైఫైనీ కలిపి ఇదే పని చిన్నగా చేస్తాయి, మొదట్లో అది చాలు. కానీ దసరాల్లో మూలా నక్షత్రం రోజు ఇంద్రకీలాద్రి కింద నిలబడితే అన్ని కంపెనీల టవర్లూ ఒకేసారి నిండిపోతాయి, సున్నాకి సున్నా కలిపితే సున్నాయే. పల్నాడు వైపు ఎడ్ల బండలాగుడు పోటీలకి సమస్య వేరు, అక్కడ టవరే దూరం. అక్కడ ఫోన్‌ని ఎత్తులో పెట్టాలి, నేను ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించిన పొడవాటి స్టాండుకి హాట్‌స్పాట్ ఫోన్ కట్టేస్తాను. చూడ్డానికి దిష్టిబొమ్మలా ఉంటుంది, పని చేస్తుంది.

కరెంటు సంగతి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే లోపల 74 వాట్ అవర్లు. ఫోనూ హాట్‌స్పాటూ కలిపి 10 వాట్లు లాగితే, నష్టాలు పోను ఆరు గంటలు వస్తుంది. దాని మీద బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) గుర్తు, కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉందో లేదో చూసి కొనండి. జనరేటర్ వాళ్లు ప్లగ్ ఇస్తారు కదా అనుకోవద్దు, మధ్యలో ఎవరో ఫ్యాన్ కోసం మీ ప్లగ్ పీకేస్తారు, ఖాయం.

ఎండ గురించి ఏ కంపెనీ డబ్బా మీదా రాయరు. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాడమని కంపెనీయే చెబుతుంది, మన దగ్గర మే నెలలో 40 దాటడం మామూలే. వెనక కవర్ తీసేయండి, బ్రైట్‌నెస్ తగ్గించండి, గొడుగు క్లాంప్ పెట్టండి. లైవ్ నడుస్తుండగా ఫాస్ట్ ఛార్జింగ్ వద్దు. వేడెక్కిందని ఐస్ ముక్క పెట్టేవాళ్లున్నారు, అలా చేస్తే లోపల చెమ్మ పడుతుంది.

మైక్ మాత్రం మొదట్లోనే మంచిది కొనండి. ఆటోమేటిక్ లెవెల్ ఆఫ్ చేయండి, లేకపోతే గట్టిమేళం మోగగానే సౌండ్ తనంతట తాను తగ్గిపోయి, ఆ తర్వాత పంతులుగారి గొంతు కాసేపు వినపడదు. ఇంకో కిటుకు: చవక వైర్‌లెస్ మైకులు చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి, మీ హాట్‌స్పాట్ కూడా దాని మీదే ఉంటే రెండూ కొట్టుకుంటాయి. హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి.

ఇప్పుడు అసలు లెక్క. లైవ్ స్ట్రీమింగ్ ప్రపంచ మార్కెట్ ఇన్ని వేల కోట్ల డాలర్లు అని చెప్పే రిపోర్టులు చదివి అప్పు చేయకండి, పంచాంగం చూడండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో పెళ్లిళ్లు ఉండవు, మధ్యలో మూఢాలు వేరే. ఈఎంఐకి మూఢం ఉండదు. లక్ష పెట్టి బాండింగ్ యూనిట్ కొన్నారనుకోండి, ఒక్కో లైవ్‌కి ఖర్చులు పోను 2,500 మిగిలితే, అది తిరిగి రావడానికే 40 లైవ్‌లు కావాలి. మీ ఊళ్లో మీకు ఏడాదికి ఎన్ని వస్తాయి? ఇరవై లోపైతే అద్దెకి తెచ్చుకోవడమే నయం. పెళ్లిళ్లు లేని రోజుల్లో వినాయక చవితి పందిళ్లు, బండలాగుడు, శివరాత్రికి కోటప్పకొండ ప్రభలు ఉన్నాయి. సంక్రాంతికి కోడిపందేలు లైవ్ చేయమని కూడా అడుగుతారు, డబ్బు బాగానే చూపిస్తారు. చట్టం ఒప్పుకోదు, పైగా సాక్ష్యం మీ ఛానెల్లోనే పడి ఉంటుంది.

డ్రోన్ అడిగితే 2021 డ్రోన్ రూల్స్ ఉన్నాయని చెప్పండి. గన్నవరం ఎయిర్‌పోర్ట్ దగ్గరే కాబట్టి ముందు డిజిటల్ స్కై (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ సైటు) మ్యాప్‌లో చోటు చూసుకోండి, రిజిస్ట్రేషన్, పైలట్ సర్టిఫికెట్ ఉన్నవాడినే పిలవండి.

అడ్వాన్స్ తీసుకునేటప్పుడే "నెట్ పోతే లైవ్ ఆగొచ్చు, రికార్డింగ్ మాత్రం పూర్తిగా ఇస్తాం" అని కాగితం మీద రాసివ్వండి, లైవ్‌తో పాటు మెమరీ కార్డులో రికార్డింగ్ నడిచేలా చూసుకోండి. సంగీత్‌లో డీజే సినిమా పాట వేస్తే కాపీరైట్ వల్ల యూట్యూబ్ లైవ్‌ని ఆపేయొచ్చు, అది కూడా ఆ కాగితంలోనే రాయండి. ఇంకోటి, కొత్త ఛానెల్లో లైవ్ ఆన్ చేయడానికి 24 గంటల దాకా పడుతుంది, ఫోన్ యాప్ నుంచైతే కనీసం 50 మంది సబ్‌స్క్రైబర్లు కావాలి. పెళ్లిరోజు పొద్దున ఛానెల్ తెరిచి, భోజనాల దగ్గర చుట్టాల ఫోన్లు అడుక్కుని సబ్‌స్క్రైబ్ కొట్టించిన కుర్రాడు మా వీధిలోనే ఉన్నాడు.